ఒళ్లో పెట్టుకున్న కాళ్లు

లలిత కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు.

భవాని పేట్ సందులో గుమ్మం ముందు కూర్చుని బీడీలు చుడుతుంటే, దారిన పోయే ఒకామె ఆగింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. మంచినీళ్లడిగి తాగింది. చెంబు కింద పెట్టి, ఆ కాళ్లను తన ఒళ్లోకి తీసుకుంది.

"నూనె ఉన్నదా బిడ్డా?"

లలితకు తల్లి లేదు. కిందటేడు ఏడో నెలలో కడుపు పోయింది. ఈసారైనా బిడ్డ దక్కాలని ఆమె మొక్కని దేవుడు లేడు. వద్దనలేకపోయింది.

అప్పటినుంచి ఆమె రోజూ వచ్చేది, లలిత భర్త దత్తాత్రి మగ్గాల కార్ఖానాకు వెళ్లిపోయాక. కాళ్లు, నడుము మెత్తగా రుద్దేది. పొట్ట జోలికి పోయేది కాదు.

"కడుపు ఎవ్వల్తోని పిసికించుకోకు. నొప్పులొస్తే దవాఖానకే పో," అనేది.

కూలి ఇస్తే తీసుకోదు. ఊరు, పేరు అడిగితే నవ్వేస్తుంది. లలిత అక్కా అని పిలవసాగింది. ఆ చేతులు తగిలితే ఎందుకో ఏడుపొచ్చేది.

పక్కింటి సుందరాబాయికి ఇది మింగుడుపడలేదు. ఆ సందులో కడుపుతో ఉన్నవాళ్లకు మాలిష్ చేసేది తనే మరి. ఒకరోజు వచ్చి, నీకు పిల్లలెంతమంది అని ఆమెను నిలదీసింది.

"లేరు."

అంతే, సందంతా పోగైంది.

"గొడ్రాలి చెయ్యి పడ్డంక కడుపు నిలుస్తదా? పైసలు వద్దన్న చెయ్యి ఇంకేం పట్కపోతదో ఎవలకెరుక?" అంది సుందరాబాయి.

చేతబడి, బాణామతి అన్నారెవరో. ఇంకెవరో కార్ఖానాకు పోయి దత్తాత్రిని పిలుచుకొచ్చారు.

అతను ఆమెను చూశాడు. తల దించుకున్నాడు.

మౌనం అర్ధాంగీకారమంటారు. ఆ సందు పూర్తి అంగీకారమే అనుకుంది. లలిత వద్దు వద్దంటున్నా వినకుండా ఆమెను జుట్టు పట్టి బయటికి ఈడ్చేశారు. ఆమె జుట్టు ముడేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సుందరాబాయి ఆముదంతో వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందనీ, తాను సరిచేస్తాననీ చెప్పి, పిండి పిసికినట్టు పొట్ట పిసికింది. సాయంత్రానికి నెత్తురు పడింది.

దవాఖానలో లలిత బతికింది. మగబిడ్డ దక్కలేదు.

ఇంటికొచ్చాక ఆమె భర్తను ఒక్కటే అడిగింది.

"ఆ అక్కను దేవులాడి తోల్కరా. కాళ్లు మొక్కుతా."

"ఆమె రాదు."

"నీకెట్ల ఎరుక?"

దత్తాత్రి గోడవైపు తిరిగి అన్నాడు.

"పిల్లలు అయితలేరని నేను ఊర్ల ఇడిచిపెట్టొచ్చిన నా మొదటి పెండ్లాం ఆమె."