తెల్ల కార్డు

పొద్దున్నే ఒకతను ముసలామెను రెండు చేతుల మీద మోసుకుంటూ ఎమర్జెన్సీ గుమ్మం దాటాడు.

ఆమె పెదవులు నీలం తిరిగాయి.

నర్సు ఎస్తెలా ఒక్క చూపు చూసి ఆమె మణికట్టుకు ఎర్ర పట్టీ కట్టింది. ఎరుపంటే వెంటనే, పసుపంటే కాసేపాగి, ఆకుపచ్చంటే ఓపికున్నంతసేపు. ఆ దీవి ఆస్పత్రికి ఈ పద్ధతి కొత్త.

గార్డు అతని మెడలో తెల్ల కార్డు వేశాడు. అది బంతాయ్ కార్డు. రోగికి తోడొచ్చి, మందులు తెచ్చి, మంచం పక్కనే పడుకునేవాడు బంతాయ్. అక్కడ బంతాయ్ లేకుండా ఆస్పత్రికి ఎవరూ రారు.

అతనేదో చెప్పబోయాడు.

"తర్వాత చెబుదువుగాని మానొయ్, ముందిది పట్టుకో." పేరు తెలియని మగవాళ్ళని అక్కడ మానొయ్ అంటారు, అన్నా అని. ముసలామె గొంతులో గొట్టం వేయగానే ఎస్తెలా దానికి అంబూ బ్యాగ్, చేత్తో నొక్కి ఊపిరందించే రబ్బరు సంచి, తగిలించి అతని చేతిలో పెట్టింది. "ఊపిరి మిషన్లు ఖాళీ లేవు. నేను నొక్కినట్టే నొక్కు. నువ్వాపితే ఆమె ఊపిరీ ఆగుతుంది."

అతను నొక్కడం మొదలుపెట్టాడు.

రంగుల పద్ధతి ఎలా పనిచేస్తోందో చూడ్డానికి మనీలా నుంచి డాక్టర్ ఎల్పిదియో వచ్చాడు. రోగుల మణికట్లు చూసుకుంటూ మంచాల మధ్య తిరుగుతున్నాడు.

"ఎవరికీ పట్టీ తప్పలేదమ్మా. జిల్లా అంతా ఇదే పెట్టించొచ్చు."

ఎస్తెలాకి కడుపు నిండినట్టయింది. పోయినేడు వరసలో కూర్చునే ఓ గర్భిణి ప్రాణం వదిలింది. ఇక ఎవరూ అలా పోకూడదని, పెద్దల చుట్టూ తిరిగి ఈ పట్టీలు తెప్పించింది ఆమే.

మధ్యాహ్నానికి బ్యాగ్ నొక్కుతున్న అతని చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఎడమ చెయ్యి మాటిమాటికీ జారిపోతోంది.

"ఏంటి మానొయ్, అమ్మ కోసం ఆమాత్రం నొక్కలేవా?"

"చెయ్యి లాగుతోంది."

"అందరికీ లాగుతుంది. నీ బదులు ఇంకెవరైనా వస్తారా?"

"నాకెవరూ లేరు."

అతనా మాట అన్న తీరుకి ఎస్తెలా మనసు చివుక్కుమంది. అంతలో ఇంకెవరో పిలిచారు. పరిగెత్తింది.

సాయంత్రం ఒక మిషను ఖాళీ అయింది. ముసలామెను దానికి తగిలించారు. ఆమె మొహంలోకి కాసేపు చూసి, అతను బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"అది రోగుల బెంచీ," అన్నాడు గార్డు. "బంతాయ్‌లు మెట్ల మీద కూర్చోవాలి. మెళ్ళో కార్డు చూసుకో."

అతను గోడ పట్టుకుని లేచాడు. మెట్ల మీద ఒక పక్కగా ఒదిగి కళ్ళు మూసుకున్నాడు. వచ్చేపోయేవాళ్ళు అతని కాళ్ళు దాటుకుంటూ నడిచారు. తోడొచ్చినవాడు కునుకు తీస్తుంటే ఎవరు మాత్రం పట్టించుకుంటారు?

దీపాలు పెట్టేవేళ గార్డు తట్టి లేపబోయాడు. ఒళ్ళు చల్లగా తగిలింది.

తల్లికి ఊపిరి పోసి కొడుకు పోయాడని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. పేరేంటో ఎవరికీ తెలియదు. తల్లికి తెలివొచ్చాక అడుగుదామనుకున్నారు.

"పిలుపు రాక వరసలో కూర్చుని పోయిన రోగి ఒక్కరూ లేరు. అభినందనలు," అని చెప్పి డాక్టర్ ఎల్పిదియో మర్నాటి పడవెక్కాడు.

ముసలామెకు గొట్టం తీసిన రోజు ఎస్తెలా మంచం అంచున కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, గుండె దిటవు చేసుకోండి. మీ అబ్బాయి ఇక లేడు."

"నాకు కొడుకెక్కడమ్మా? నేను ఒంటిదాన్ని."

"మరి మిమ్మల్ని మోసుకొచ్చినతను?"

ముసలామె కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది.

"అతనా? గేటు బయట వరసలో నా ముందు కూర్చున్నాడు. గుండెలు పట్టుకుని ఒకటే మూలుగు."

ఎస్తెలా తలెత్తి బయటి మెట్ల వైపు చూసింది.

"వంతొచ్చి లోపలికి రమ్మన్నది అతన్నేనమ్మా. అతను లేస్తూ లేస్తూ నన్నెత్తుకున్నాడు."