కలర్ డ్రెస్

"ఎవడిచ్చిండే ఇది?"

బాలరాజు కూతురి పిడికిలి బలవంతంగా విప్పాడు. నలిగిన చాక్లెట్ గచ్చు మీద పడింది. చేయి నొప్పికి హిమజ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా సారు. ఇయ్యాల సారు బర్త్‌డే."

"ఏ సారు?"

"ఒకెల్లో సారు నాన్నా. రోజూ చెప్త గదా. ఉగాండా నుంచొచ్చి మాకు ఉత్తగనే ఇంగ్లీషు చెప్తడు, ఫుట్‌బాల్ ఆడిపిస్తడు."

"పొడుగ్గుంటడా? పసుపుపచ్చ అంగీనా?"

"అవ్. మేమే చెప్పినం. బర్త్‌డే ఉంటే కలర్ డ్రెస్ ఏసుకోవాలె సార్, అందరికి చాక్లెట్లు పంచాలె అని. ఆళ్ల దేశంల గట్ల పంచరంట."

బాలరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇప్పుడేడున్నడు?"

"జరమొచ్చి బడికి రానోళ్లకు ఇయ్యనీకి గల్లీలల్ల తిరుగుతుండు."

మధ్యాహ్నం నుంచి ఉప్పల్, నాచారం ఫోన్లన్నిటిలో ఒకటే గొంతు. 'అన్నా, నల్లగ పొడుగ్గ ఉన్నడు, పసుపుపచ్చ అంగీ. చాక్లెట్లిచ్చి పిల్లల్ని ఎత్కపోతుండు. దొరికితే ఇడిసిపెట్టకుర్రి.' నిజమా కాదా అని ఆగిన మహానుభావుడు ఒక్కడూ లేడు. ఎవడికి వాడు ఇంకో పది గ్రూపుల్లోకి తోసి పుణ్యం కట్టుకున్నాడు. అది వీళ్లుండే చిల్కానగర్ దాకా పాకిపోయింది.

బాలరాజు ఫోన్ తీసి ఏదో నొక్కాడు. మళ్లీ నొక్కాడు. లాభం లేదనుకున్నాడేమో, జేబులో కుక్కుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు. "నువ్వు పోయి మీ పెద్ద టీచర్ని పిల్సుకరా," అని వెళ్తూ వెళ్తూ అరిచాడు.

రెండు గల్లీల అవతలే ఉన్నాడు ఒకెల్లో. అప్పటికే కరెంటు స్తంభానికి కట్టేశారు.

పసుపుపచ్చ చొక్కా సగం ఎర్రగా తడిసింది. ఒకడు క్రికెట్ వికెట్టుతో మోకాళ్ల మీద కొడుతున్నాడు. ఇంకొకడు బెల్టు ఊడదీశాడు. బొట్టు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన చెప్పుతో నాలుగు తగిలించి, ఏమీ ఎరగనట్టు పక్కకు తప్పుకున్నాడు. ఒకెల్లో "స్కూల్, స్కూల్" అంటున్నాడు. పళ్లూడి నెత్తురు నిండిన నోట్లోంచి ఆ మాట ఎవరికి అర్థమవుతుంది? చాక్లెట్లు మాత్రం అందరి కాళ్ల కిందా పడి చితికిపోయాయి.

మెకానిక్ బసవరాజు ఫోన్ పైకెత్తి ఆ గొంతు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాడు. వింటున్నకొద్దీ జనానికి పూనకం.

బాలరాజు జనాన్ని తోసుకుంటూ వచ్చి ముందు ఆ ఫోనే లాక్కున్నాడు. నేలకేసి కొట్టాడు. తర్వాత ఒకెల్లోని స్తంభంతో సహా కావలించుకున్నాడు.

"దొంగకు వత్తాసొచ్చిండు. ఈణ్ని గూడ ఎయ్యుర్రి," అన్నాడు బసవరాజు.

వేశారు. బెల్టు వీపు చీల్చింది. వికెట్టు మోచేతి మీద పడి, ఎముక విరిగిన చప్పుడు పక్కవాళ్లకు కూడా వినిపించింది. ఎవడో జుట్టు పట్టి తలను స్తంభానికేసి గుద్దాడు. బాలరాజు పెదవి కొరుక్కున్నాడు తప్ప పట్టు వదల్లేదు, పల్లెత్తు మాటా అనలేదు. ఇతను మూగవాడు కాబోలు అనుకుంది మేడ మీద నుంచి చూస్తున్న ఒకావిడ.

హిమజ చేయి పట్టుకుని బడి పెద్ద టీచరు పద్మావతి రొప్పుతూ వచ్చింది.

"ఆయన మా బడి మాస్టారండీ. రూపాయి జీతం తీసుకోకుండా పాఠాలు చెప్తున్నాడు. ఇవాళ ఆయన పుట్టినరోజు. మీ పిల్లలకే మిఠాయి పంచుతున్నాడు."

వికెట్టు కిందపడింది. సగం మంది ఫోన్లు చూసుకుంటూ జారుకున్నారు. మిగిలినవాళ్లు ఆటో పిలిచారు, కట్లు విప్పారు. ఆ చేతులే.

దవాఖానాలో ఒకెల్లోకి తల నిండా కుట్లు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో వెతుక్కుని, జేబులో మిగిలిన ఒకే ఒక్క చాక్లెట్ తీసి బాలరాజు విరగని చేతిలో పెట్టాడు.

"థ్యాంక్యూ అన్నా."

బాలరాజు వెక్కివెక్కి ఏడ్చాడు. చూస్తున్న నర్సుకే గుండె తరుక్కుపోయింది.

"మీ నాన్న లేకపోతే సారు దక్కేవాడు కాదమ్మా. అన్ని దెబ్బలు తిని కూడా నోరు విప్పలేదట," అంది పద్మావతి. హిమజ గర్వంగా తండ్రి పక్కన నిలబడింది. బాలరాజు ఆ చాక్లెట్ కాగితం పంటితో చించి కూతురి నోట్లో పెట్టాడు.

అప్పుడే కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. ఒకెల్లోని చూసి తల తిప్పుకున్నాడు.

"దీనంతటికీ మూలం ఒక్కడే. వాడు దొరకాలె. జర అందరు ఇనుర్రి, ఈ గొంతు ఎవరన్న గుర్తుపడ్తరేమో," అంటూ ఫోన్ పెద్దగా పెట్టాడు.

చాక్లెట్ బుగ్గన పెట్టుకుని శ్రద్ధగా విన్న హిమజ మొహం విప్పారింది: "నాన్నా, గిది నువ్వే గదా మాట్లాడేది."