మొదటి అచ్చు

“ఇది మొదటి అచ్చే అవ్వా!” అన్నాడు చెన్నకేశవులు, నవల చివరి పుట చూసి. పాత పుస్తకాలు కొనడానికి నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చాడతను. “దీంట్లో కథలో పిల్ల సచ్చిపోతాది. రెండో అచ్చులో బతికించినారు. గిరాకీ దీనికే.”

రామసుబ్బమ్మకు చదువు రాదు. చటుక్కున పుస్తకం లాక్కుంది.

“మా ఇంటాయన నాకు చదివి ఇనిపించినప్పుడు ఆ పిల్ల బతికింది. నేను నీళ్లు తెచ్చేలోపల పుస్తకం మార్చినావేందప్పా?”

“నా సంచి చూస్కో అవ్వా.”

ఆమె అతని సంచి దులిపింది. ఖాళీ. పుస్తకం అటూ ఇటూ తిప్పింది. చివరి పుట మీద దీపం నుంచి ఒలికిన ఆముదం మరక, మొగుడు తుడవబోయిన వేలి గుర్తుతో సహా అట్లే ఉంది.

పుస్తకం తనదే.

“ఆయన చదివి ఇనిపించింది మా పాప కన్నుమూసిన యేడే,” అంది నెమ్మదిగా.

పుస్తకం తిరిగి అతని చేతికిచ్చింది.

“దాంట్లో ఉండేది ఉన్నట్టు చదువు నాయనా. ఇప్పుడైతే ఇంటాను.”