గడ్డం చూసుకో

“మళ్ళీ ఆ గుడ్డేనా?” అన్నాడు భర్త, చెప్పులు వేసుకుంటూ.

“మళ్ళీ ఆ మాటేనా?” అంది ఆమె, ముడి బిగిస్తూ.

మూడు నెలల పాప తల్లి గుండెకి అతుక్కుని అప్పుడే కళ్ళు మూసింది. రాత్రంతా కునుకు తీయని పిల్ల, గుడ్డతో కట్టుకోగానే నిద్రపోతుంది. తల్లికి మాత్రం ఆ భాగ్యం లేదు.

“నడుం వంకరపోతుంది దానికి. ఏరికోరి పిల్లల తోపుడు బండి తెచ్చాను కదా.”

“బస్సులో దాన్ని ఎవరి నెత్తిన పెట్టను?”

ఏరికోరి తెచ్చిన ఆ బండి మూలన ఉంది. ప్రస్తుతం అందులో ఉతికిన బట్టలు హాయిగా పడుకుంటున్నాయి.

ఆమె పని పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో. పిల్లని వెంట తెచ్చుకోమన్నాడు యజమాని, పని మాత్రం ఆగకూడదన్నాడు. కాయితాలు కుట్టాలంటే రెండు చేతులూ కావాలి. గుడ్డ లేకపోతే ఉద్యోగం లేదు. అది తెలిసీ భర్త వద్దంటాడు. ఎందుకని అడిగితే రోజుకో కారణం చెబుతాడు.

“తల్లి లేకుండా మేనత్త దగ్గర పెరిగావు. పిల్లల పెంపకం ఎక్కడ నేర్చుకున్నావో,” అని ఆమె దెప్పేది. అతను స్కూటర్ తాళాలు వెతుక్కునేవాడు.

ఆ రోజు బస్‌స్టాప్‌లో దింపి అతని స్కూటర్ మలుపు తిరిగిందో లేదో, బూడిదరంగు శాలువా కప్పుకున్న ఒక పెద్దావిడ పక్కకి వచ్చింది. అడక్కుండానే రెండు వేళ్ళు గుడ్డలోకి పోనిచ్చి, పాప మొహం కాస్త పైకెత్తింది.

“గడ్డం చూసుకో తల్లీ,” అంది.

ఆమె స్కూటర్ వెళ్ళిన వైపు చూసింది. పిల్ల పుట్టాక భర్త మొహానికి బ్లేడు తగిలిన పాపాన పోలేదు.

“నీ గడ్డం చూడలేక బస్‌స్టాప్‌లో వాళ్ళు కూడా నాకు చెబుతున్నారు,” అంది సాయంత్రం.

అతను గడ్డం నిమురుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వి చాలా రోజులైంది. మర్నాడు నున్నగా గీసుకుని మరీ స్కూటర్ తీశాడు.

పెద్దావిడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ రెండు వేళ్ళు.

“గడ్డం చూసుకో తల్లీ.”

“మా ఆయన గీసేసుకున్నారండీ.”

పెద్దావిడ అర్థం కానట్టు చూసి, పాపని చూసి నవ్వింది. చాదస్తం కాబోలు అనుకుంది ఆమె.

రోజూ అదే తంతు. స్కూటర్ మలుపు తిరిగేది, ఆవిడ వచ్చేది, ఆ మాట అనేది.

ఒక పొద్దున ఇంట్లో గొడవ ముదిరింది.

“ఆ గుడ్డయినా తీసెయ్, ఉద్యోగమైనా మానెయ్,” అన్నాడు భర్త.

ఆమె స్కూటర్ ఎక్కకుండా స్టాప్‌కి నడిచే వచ్చింది. కళ్ళనిండా నిద్ర. శాలువా ఆవిడ చెయ్యి చాపింది.

“ముట్టుకోకండి. చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. అసలు మీరెవరు నాకు చెప్పడానికి?”

పెద్దావిడ చెయ్యి గాలిలోనే ఆగింది. ఏదో చెప్పబోయి, శాలువా సర్దుకుంది.

“ఎవర్నీ కాదు తల్లీ,” అని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పీడ విరగడైందనుకుంది ఆమె.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, షాపులో వంగి లావుపాటి పుస్తకం కుడుతోంది. పాప కిక్కురుమనలేదు. పని చకచకా సాగుతోందని సంతోషించింది కూడా. దారం తెంపుతుంటే ఎందుకో ఆ రెండు వేళ్ళు గుర్తొచ్చాయి. గుడ్డ పక్కకి తీసి చూసింది.

ముడి వదులై పాప కిందికి జారిపోయింది. తల వాలి, గడ్డం ఛాతీకి నొక్కుకుపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి.

రెండు వేళ్ళతో ఆ చిన్న గడ్డాన్ని పైకెత్తింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత పాప ఊపిరి లాక్కుని కెవ్వుమంది. ఆమె కుట్టుబల్ల పక్కన కూలబడి తనూ ఏడ్చింది.

ఎవరి గడ్డమో అప్పుడు తెలిసింది.

సాయంత్రం స్టాప్ అంతా వెతికింది. పేపర్లమ్మే అతన్ని అడిగింది.

“శాలువా ఆవిడా? ఎదురు సందులో గదిలో ఉండేది. మొన్న ఖాళీ చేసి వెళ్ళిపోయింది.”

“ఏ బస్సెక్కేది రోజూ?”

“ఆవిడ బస్సెక్కడం నేనెప్పుడూ చూడలేదమ్మా.”

ఇంటికొచ్చి భర్తకి జరిగిందంతా చెప్పింది. నేను ముందే చెప్పలేదా అని ఎగురుతాడనుకుంది. అతను ఎగరలేదు.

“ఆవిడ ఏమందో మళ్ళీ చెప్పు.”

“గడ్డం చూసుకో అంది. నీదనుకున్నాను.”

అతను తోపుడు బండి పట్టుకుని అలాగే కింద కూర్చున్నాడు.

“మా చెల్లి జ్వరమొచ్చి పోయిందని నీకు చెప్పాను కదా. జ్వరం కాదు. ఇలాంటి గుడ్డలోనే పోయింది. పిల్లని మోయడం చేతకానిదని అమ్మని ఇంట్లోంచి పంపేశారు. తర్వాత ఎవరూ వెతకలేదు. పెద్దయ్యాక నేనూ వెతకలేదు.”

ఆమె పాపని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

“చెల్లిని గుండెకి కట్టుకుని నడిచేటప్పుడు, పక్కన నడిచే నాతో మా అమ్మ అస్తమానం అనేది, గడ్డం చూసుకో నాన్నా అని.”