పాత గొట్టం, కొత్త తూటా

తెల్లజెండా మళ్లీ లేచింది.

ఇంద్రసేన తుపాకీ మీదినుంచి చెంప ఎత్తలేదు. ఐదువందల గజాల అవతల, ఎర్రమట్టి కట్ట కింద గుంతలో కూర్చున్న మనిషి ఊపుతున్న ఆ గుడ్డనే చూస్తూ ఉండిపోయాడు. బోర్డు మీది నల్లచుక్కలో తగిలితే ఎర్రజెండా, గురి తప్పితే తెల్లజెండా. పొద్దుటినుంచి ఎర్రజెండా ఒక్కసారీ లేవలేదు.

"గాలి ఉన్నది దొరా," అన్నాడు పక్కన గోనెపట్టా మీద కూర్చున్న రాంకిషన్. జహీరాబాదులో తుపాకులు బాగుచేసేది అతనొక్కడే. "బీదర్ దిక్కునుంచి కొడుతున్నది."

"పోయిన నెల లేకుండెనా గాలి? అయినా అన్నీ ఎర్రజెండాలే గద."

రాంకిషన్ తూటాల డబ్బా ముందుకు జరిపాడు.

వాళ్ల ముందు రెండు తుపాకులున్నాయి. ఒకటి ఇంద్రసేనది. దాని గొట్టం ఇంగ్లండులో చేసింది. లోపలి గాడులు కొంత అరిగాయి. దానికి సరిపడే విదేశీ తూటాలు చైనా యుద్ధం తరువాత రావడం లేదు; పాత డబ్బాలో మిగిలినవే గతి. రెండోది రాంకిషన్ హైదరాబాదు నుంచి అరువు తెచ్చింది. గొట్టం కొత్తది, తూటాలు మన దేశంలో చేసినవి. రేపు హైదరాబాదులో రాష్ట్ర జట్టుకు ఎంపిక. ఈ మైదానం దాటి ఇంద్రసేన పోటీకి పోవడం అదే మొదలు. ఏ తుపాకీతో పోవాలో ఈ పూట తేలాలి.

కోహీరులోని తన భూములు కౌలుదార్లకు పోయినప్పుడు, అవి తనకు బయటివే కదా అని అతడు మనసుకు నచ్చజెప్పుకున్నాడు. బయటివన్నీ తీసివేయగా మిగిలేదే మనిషి అని చదువుకున్నవాడు. అన్నీ తీసివేయగా తనకు మిగిలింది ఈ గురి ఒక్కటే. ఇదీ పోతే, ఇక తీసివేయడానికి ఏమీ ఉండదు.

కొత్త తుపాకీ అందుకున్నాడు. ఊపిరి బిగబట్టి కాల్చాడు. తెల్లజెండా. మళ్లీ కాల్చాడు. తెల్లజెండా.

"దీనికింకా మన ఊరి నీళ్లు పడలే దొరా," అన్నాడు రాంకిషన్, నవ్వించబోయి.

"నా చెయ్యి వణుకుతున్నదా? చూసి చెప్పు."

"లేదు దొరా."

"మరి ఏంది? గొట్టమా, తూటానా, నేనా?"

ఆ మూడోమాట అడిగాక తనకే భయం వేసింది. లేచి నిలబడి, గుంతలోని మనిషిని చేయి ఊపి పిలిచాడు.

పీటర్ వచ్చాడు. పల్టన్‌లో సిపాయిగా పనిచేసి వచ్చినవాడు. గుంతలో కూర్చోవడం అతనికిదే మొదటిరోజు. ఎప్పుడూ కూర్చునే ఈరయ్య బిడ్డను చూడడానికి న్యాల్‌కల్ పోయాడు.

"నిజం చెప్పు పీటర్. ఎవరన్న చెప్పి పంపిన్రా నిన్ను?"

"ఎవరు పంపుతరు సార్. మీరే కూసోమన్నరు."

"అన్ని తూటాలూ తప్పినయా?"

"తగిలితే బోర్డుకు తూటు కనవడ్తది సార్. కనవడలే."

"పల్టన్‌ల గిట్లనే చూసెటోనివా?"

"గిట్లనే సూస్తరు సార్. నడువుండ్రి, మీరే సూద్దురు. ఇంత దూరమే."

ఇంత దూరమే. ఇన్నేళ్లలో ఇంద్రసేన ఆ దూరం ఒక్కసారి కూడా నడవలేదు. ఇప్పుడు నడుద్దామంటే కాళ్లు రాలేదు. ఇది అలవాటా, భయమా అని తనను తాను అడిగాడు. జవాబు వచ్చేలోపే, "నువ్వు ఇంటికి పో," అన్నాడు పీటర్‌తో.

పొద్దు వాలుతుండగా న్యాల్‌కల్ బస్సు దిగి ఈరయ్య వచ్చాడు. ఏళ్ల తరబడి తూటాల మోతకింద కూర్చొని చెవులు పూర్తిగా పోయిన మనిషి. దొర ముఖం చూసి కంగారుపడ్డాడు.

"బిడ్డకు జర పానం బాగలేకుండె, బాంచెన్. గందుకే పోయిన."

"ఫికర్ లేదు, గుంతలకు పో," అంటూ ఇంద్రసేన కట్టవైపు చేయి చూపాడు.

"చెవులు వినరావు కదా దొరా ఈరయ్యకు," అన్నాడు రాంకిషన్, నేలచూపులు చూస్తూ.

"చెవులతోని ఏం పని? కండ్లు మంచిగున్నయ్. బోర్డు చూస్తే చాలు."

పాత తుపాకీ, పాత డబ్బాలోని తూటా. కాల్చాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి కట్ట మీద ఎర్రజెండా.

మరొకటి. ఎర్రజెండా.

ఇంకొకటి. ఎర్రజెండా.

పొద్దుటినుంచి ఎవరో ఇంద్రసేన ఛాతీ మీదినుంచి మోకాలు తీయకుండా కూర్చుని, ఇప్పుడు లేచినట్టయింది. తాను ఉన్నాడు. ఇంకా ఉన్నాడు.

"తేలిపోయింది రాంకిషన్. పాత గొట్టమే, పాత తూటాలే. కొత్తది రేపే వాపసు పంపు."

"సరే దొరా."

"ఆ పీటర్‌ను ఇగ ఈ మైదానంల అడుగు పెట్టనియ్యకు."

"సరే దొరా."

కావలసింది తెలిసిపోయినా ఇంద్రసేన ఇంకొక తూటా ఎక్కించాడు. ఆ ఎరుపు మరొక్కసారి కంటినిండా చూసుకోవాలనిపించింది. చెంప ఆనించి, తొందరలేకుండా, తృప్తిగా మీట నొక్కాడు.

టిక్కుమంది. అంతే. తూటా పేలలేదు.

"కదలకుండ్రి దొరా," రాంకిషన్ గొంతు తగ్గించి అన్నాడు. "తేమ పట్టిన తూటా. ఒక్కోపారి ఆగి పేలుతది. గట్లనే పట్టుకోండ్రి."

ఇంద్రసేన కదలలేదు. గొట్టం బోర్డువైపే ఉంది. తూటా దానిలోనే ఉంది. గాలి కూడా ఆగింది.

దూరాన కట్ట మీద, నిదానంగా, ఎర్రజెండా లేచింది.