ఉత్తరం వైపు ఊగే ముల్లు

“ముల్లు మళ్ళీ ఊగింది,” అన్నాడు పైలట్ ఖుమో, ఖాళీ విమానంలోంచి కిందికి దూకుతూ.

మెకానిక్ తిరెలో చేతిలోని పానా కింద పడేశాడు. మౌన్ విమానాశ్రయంలో టూరిస్టుల్ని తిప్పే ఆ చిన్న విమానాల కంపెనీకి ఉన్న మెకానిక్ అతనొక్కడే. ఇంజిన్‌కి పెట్రోలు ఎంత ఒత్తిడితో అందుతోందో చూపించే మీటరు నిన్నటినుంచి అతని ప్రాణం తోడేస్తోంది. పైపులోకి గాలి చొరబడుతోందేమోనని బిగింపులన్నీ చూశాడు. ఫిల్టరు కడిగాడు. ఎర్త్ వైరు గీకి శుభ్రం చేశాడు. చివరికి పక్క విమానం మీటరు ఊడదీసి దీనికి పెట్టాడు. నేలమీద ఇంజిన్ వేసి చూస్తే మాత్రం ముల్లు బుద్ధిగా ఒకచోటే నిలబడుతుంది.

“అసలెక్కడ ఊగుతోందిరా?”

“గాల్లో. ఉత్తరం వైపు పోతుంటే.”

“ముల్లుకి దిక్కులు కూడా తెలుసా?”

“నన్నడుగుతావేం? మెకానిక్‌వి నువ్వా, నేనా?”

తిరెలో నవ్వలేదు. మొన్న ఉత్తరాన సెరోంగా ఆసుపత్రిలో అతని భార్య బోయిపెలో ప్రసవించింది. తొలిచూలు, ఆడపిల్ల. వరదనీళ్ళు వచ్చి దారి తెగిపోయింది. చుట్టూ తిరిగి పోతే రెండు రోజులు. రేపు తల్లీబిడ్డల్ని ఇంటికి పంపేస్తారు. ఒకసారి బోయిపెలో పుట్టింటి గదిలోకి వెళ్ళిందంటే ఆచారం ప్రకారం మూడు నెలలదాకా ఆ గడప మగవాడెవడూ తొక్కకూడదు, కన్నతండ్రైనా సరే. రేపటిలోగా చూడకపోతే కూతురి మొహం చూసేది చలికాలం వెళ్ళాకే.

నిన్న సెలవడగబోతే మేనేజరు మ్మా మొతుసి, అంటే మొతుసి అమ్మగారు, తలైనా ఎత్తలేదు. చలికాలమంతా ఆవిడ చేతుల్లో ఏదో ఒక అల్లిక ఉంటుంది. ఈసారి పసుపు ఉన్ని, మొగుడికి మఫ్లర్ కాబోలు.

“సెలవు లేదు. టూరిస్టులొచ్చే రోజులు. నీకిస్తే బయట నిలబడ్డవాళ్ళందరికీ ఇవ్వాలి.”

“పోనీ, సెరోంగా పోయే విమానంలో ఖాళీ సీటుంటే...”

“సిబ్బందిని ఎక్కించకూడదు. సీటు సీటుకీ గాబరోన్ హెడ్డాఫీసులో పెద్దవాళ్ళు లెక్కడుగుతారు. తెలీదా?”

“ఒక్కసారి పిల్లని చూసి వచ్చేస్తాను మ్మా.”

“వెళ్ళి పని చూసుకో.”

ఈవిడకి పిల్లలుంటే తెలిసేది అని గొణుక్కుంటూ వచ్చేశాడు తిరెలో.

ఇప్పుడు ఆవిడే షెడ్డులోకి వచ్చింది. రాగానే ఖుమో మీద పడింది.

“ఇంతసేపూ ఒక్కడివే తిప్పుతున్నావా? రిపేరు చేసినవాడు పక్కన కూర్చోవాలన్న రూలు ఏమైంది? ఎక్కండి ఇద్దరూ!” అని ఒక అట్టపెట్టె సీటు కిందికి తోసింది. “ఆ మీటరుకి కొత్త సెన్సర్. అవసరమైతేనే తియ్యి తిరెలో. ఊరికే తెరిస్తే దుమ్ము పడుతుంది.”

విమానం లేచింది. కింద నీళ్ళు, రెల్లు, మళ్ళీ నీళ్ళు. మీటరు మీద పెట్టిన తిరెలో చూపు ఊరికే కిందికి జారిపోతోంది. ఇక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగితే ఎలారా దేవుడా అనిపించింది. ఆ ఆసుపత్రి రేకుల కప్పైనా కనబడితే చాలనుకున్నాడు.

“అదిగో, ఊగింది! చూశావా?” అని అరిచాడు ఖుమో.

“నేను చూళ్ళేదే!”

“కిందికి చూస్తూ కూర్చుంటే ఏం కనబడుతుంది? మనకెందుకొచ్చిన గొడవ, దగ్గర్లో దిగిపోదాం.”

దగ్గర్లో ఉన్నది సెరోంగా.

ఇంజిన్ ఆగింది. మట్టి రన్‌వే చివర ఆసుపత్రి కనబడుతూనే ఉంది. తిరెలో సీట్లోంచి కదల్లేదు.

“ఒరేయ్, నిజం చెప్పు. ముల్లు ఊగలేదు కదూ?”

ఖుమో కిటికీ వైపు తిరిగిపోయాడు.

“నాకోసం మ్మాకి అబద్ధం చెప్పావు. తెలిస్తే నీ ఉద్యోగం ఊడుతుందిరా!”

“ముందు పోయి పిల్లని చూడరా బాబూ.”

“చూస్తాను. దొంగలా మాత్రం కాదు. నా కూతురి దగ్గరికి మొదటిసారి పోతున్నాను.”

తనే రేడియో అందుకున్నాడు. చుట్టుపక్కల టూరిస్టు క్యాంపులన్నీ వినే రేడియో అది.

“మ్మా, మీటరు బాగానే ఉంది. ముల్లు అసలు ఊగనే లేదు. ఖుమో నామీద జాలితో చెప్పాడు. వాణ్ణేమీ అనకండి.”

గరగరలోంచి ఆవిడ గొంతు కటువుగా వచ్చింది.

“నాకు పాఠాలు చెప్పకు. అవసరమైతే సెన్సర్ మార్చమన్నానా లేదా? నేనిచ్చిన పెట్టె తియ్యి.”

తిరెలో సీటు కింద పెట్టె లాగి మూత తీశాడు.

అందులో అరచేయంత పసుపు ఉన్ని టోపీ ఉంది.