ఫోను ముట్టని పాఠకుడు

“ఆటో బయలుదేరిందంట నాయనా. ఇంగ అరగంటలో ఈడుంటాది,” అన్నాడు వీరేష్ ఫోను జేబులో పెట్టుకుంటూ.

శేషన్న అరలోంచి ఇంకో పుస్తకం దించాడు. ఆదోనిలో నలభై ఏళ్లుగా ఆయన నడుపుతున్న పాత పుస్తకాల అంగడి అది. ఈ మధ్యాహ్నం పుస్తకాలన్నీ తూకానికి పోతాయి. వచ్చే వారం అదే గదిలో కొడుకు సెల్‌ఫోన్ల అంగడి తెరుస్తాడు. శేషన్న సరేనని మాటైతే ఇచ్చాడు గానీ, పొద్దున్నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు. ఒక వరస సర్దుతాడు, మళ్లీ అదే వరస దించుతాడు.

అప్పుడు వచ్చింది ఆమె. ముప్పై అయిదేళ్లుంటాయి. భుజాన ఖాళీ సంచి, నుదుట చెమట.

“పుస్తకాలు కావాలప్పా. లావువి. ఒకటి మొదలుపెడితే పది దినాలన్నా రావల్ల.”

శేషన్న చేతిలోని పుస్తకం అలాగే ఆగిపోయింది. నెల నుంచి అంగడి మెట్లెక్కిన వాళ్లంతా జిరాక్స్ తీస్తారా అని అడిగినవాళ్లే.

“యా ఊరమ్మా?”

“ఎమ్మిగనూరు. సునంద నా పేరు. మగ్గం నేస్తాము.”

“ఎవరికి ఈ పుస్తకాలు?”

“మా ఇంటాయనకు.”

వీరేష్‌కు నవ్వొచ్చింది. “ఏంటికక్కా ఇంత బరువు మోస్తావు? పలక మాదిరి ఒకటొస్తాంది ఇప్పుడు. వెయ్యి పుస్తకాలు పడతాయి దాంట్లో. చెప్పు, తెప్పిస్తా.”

“అవి పనికిరావు తమ్ముడూ. ఆయనకు కాగితమే కావల్ల.”

“పోనీ ఫోన్లో అన్నా చదవచ్చు గదా?”

“ఆయన ఫోను ముట్టి రెండేండ్లాయ.”

శేషన్నకు ఒళ్లు పులకరించింది. ఈ కాలంలో రెండేళ్లుగా ఫోను ముట్టని మగవాడు. అన్నం ముట్టలేదన్నా నమ్మొచ్చు గానీ ఇది నమ్మడం కష్టం. విన్నావా అన్నట్టు కొడుకు వైపు చూశాడు. వీరేష్ తల తిప్పుకున్నాడు.

“దినామూ చదువుతాడా తల్లీ?”

“చదవక ఏం చేస్తాడప్పా. పోయినసారి పంపినవి మూడు తూర్లు చదివినాడంట. పక్కనోళ్లకు గూడా చదివి వినిపిస్తాడంట.”

“ఊర్లో ఉండడా?”

“ఊహూఁ. దూరం.”

పని మీద పోయిన చోట కూడా పుస్తకం వదలని మనిషన్నమాట. శేషన్న ఇక ఆగలేదు. స్టూలెక్కి పై అరల్లోని నవలలన్నీ దించి, పైపంచెతో దుమ్ము తుడిచి ఆమె ముందు పేర్చాడు. మోకాళ్ల నొప్పి సంగతే మరిచిపోయాడు. సునంద ఒక్కో పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేస్తోంది. మధ్యమధ్యలో గోడ గడియారం చూస్తోంది, వీధి చూస్తోంది. ఎవరో పెన్నుతో అంచుల్లో రాసుకున్న రెండు పుస్తకాలు పక్కన పెట్టింది.

“చేతిరాత ఉండేటివి వద్దప్పా.”

“నిజమే. మన చదువు మనం చదువుకోవల్ల. మధ్యలో ఇంకొకరి రాతలేంటికి.”

“ఈ గట్టి అట్టలు పీకేస్తావా?”

అది మాత్రం శేషన్నకు కలుక్కుమంది. అట్ట పీకడమంటే ఆయనకు తోలు ఒలిచినట్టే. అంతలోనే, మగ్గాల ఇల్లు కదా అని గుర్తొచ్చింది. “నేతగుడ్డతో బైండింగు చేయించుకుంటారేమోలే,” అంటూ అట్టలు మెల్లగా ఊడదీశాడు. సునంద మళ్లీ గడియారం చూసింది.

“పిన్నులు గూడా తీసేయప్పా.”

“తుప్పు పడతాయని గదా. ఇంత మురిపెంగా చూసుకునేటోళ్లు ఇంగ యాడున్నారు,” అంటూ కత్తెర మొనతో ఒక్కో పిన్నూ లాగి, విడిపోయిన కాగితాలను దారంతో కుట్టి ఇచ్చాడు. ఆమె డబ్బులు తీయబోతే సగమే చాలన్నాడు.

బయట హారను మోగింది. డ్రైవరు ఖాళీ గోతాలు పట్టుకొని గడప దగ్గరికి వచ్చాడు.

“వద్దప్పా, ఎనక్కి పో,” అన్నాడు శేషన్న.

“నాయనా, మాటిచ్చినావు.”

“ఇచ్చినాను. కాగితం చదివేటోడు ఒక్కడు గూడా మిగల్లేదని నువ్వు చెప్తే, నమ్మి ఇచ్చినాను. ఉన్నాడు గదరా. ఈ అంగడి మూస్తే ఆయప్పకు పుస్తకాలు యాడ తెస్తాది ఈ పాప?”

ముసలాయన గోతాలకు అడ్డంగా గడపలో నిలబడ్డాడు. వీరేష్ కాసేపు తండ్రి ముఖమే చూసి, డ్రైవరుకు వెళ్లమని చెయ్యూపాడు. సెల్‌ఫోన్లకు ఇంకో గది వెతుక్కోవాలి. తండ్రిని ఇంత హుషారుగా చూసి మాత్రం చాన్నాళ్లయింది.

“మళ్లీ రావల్ల తల్లీ.”

“వస్తానప్పా. ఇంగా అయిదేండ్లు వస్తానే ఉంటా.”

శేషన్న కడుపు నిండిపోయింది. పుస్తకాలను తానే అట్టపెట్టెలో సర్ది, తెల్లకాగితం చుట్టి, జిగురు పూశాడు. పోస్టాఫీసు మూసేలోపల పోవాలని ఆమె తొందరపడుతోంది.

“మీ ఊర్లో పోస్టాఫీసు ఉంది గదమ్మా?”

“ఉంది. ఆడ వద్దులే.”

“సరే, అడ్రసు చెప్పు. నేను రాస్తా. నా రాత అచ్చు మాదిరి ఉంటాది.”

“వద్దప్పా, నేను రాసుకుంటాలే.”

“ఇట్ల చదివేటోని పేరు నా చేత్తో రాయనీ తల్లీ.”

సునంద తల వంచుకుంది. సంచి పట్టీని వేలికి చుట్టింది, విప్పింది. శేషన్న పెన్ను మూత తీసి ఎదురుచూస్తున్నాడు.

“కె. దేవేంద్ర,” అంది మెల్లగా.

శేషన్న గుండ్రంగా రాశాడు. “ఊఁ, తర్వాత?”

“ఖైదీ నంబరు నాలుగు వందల పన్నెండు.”